ఏడిళ్ళు తిరిగిన పళ్ళెం

ఆడదానికి సంసారంలో ఒక పాత్ర ఉంటుందంటారు. నాకు చాలా ఉన్నాయి. పొద్దున తల్లి పాత్ర. మధ్యాహ్నం సెలూన్లో పక్కవాళ్ళ తలలు దువ్వే పాత్ర. కరెంటు బిల్లు వచ్చిన రోజు తండ్రి పాత్ర. ఇవన్నీ పోషించి ఇంటికొస్తే సింకు నిండా ఇంకో రకం పాత్రలు. వాటిని తోమే పాత్ర కూడా నాదే.

నా పేరు ఇనాయాత్. కైరోలో, షుబ్రా పేటలో, ఒక పాత మేడ నాలుగో అంతస్తులో ఉంటాను. మేడకి లిఫ్టు ఉంది. ఇల్లొదిలి వెళ్ళిన నా మొగుడిలాగే అదీ పేరుకే ఉంది, ఎత్తి మొయ్యదు. పెద్దపిల్ల బసంత్‌కి పన్నెండేళ్ళు, చిన్నది లుజైన్‌కి ఏడు. విడాకులై మూడేళ్ళయింది. ఆ ఆకులొచ్చిన మర్నాటి నుంచి మా ఇంటికి రోజూ ద్రాక్షాకులు రావడం మొదలైంది. బియ్యం, కొత్తిమీర కూరి, చుట్టి, నిమ్మరసంలో ఉడికించి, చుట్టుపక్కల ఆడవాళ్ళు జాలిపడి పంపేవి. మొదటి ఆకులు నేను కోరి తెచ్చుకున్నవి. రెండోవి కోరకుండానే వచ్చినవి. నిజం చెప్పొద్దూ, రెండోవే అరగడం కష్టమైంది.

ఎందుకంటే మాలో ఒక పద్ధతుంది. ఇంటికొచ్చిన పళ్ళెం ఖాళీగా వెనక్కి పోకూడదు. ఆకులొస్తే నువ్వు పాయసం పంపాలి. పాయసం వస్తే నువ్వు కోడి పంపాలి. ఏమీ లేకపోతే నాలుగు నిమ్మకాయలైనా పెట్టాలి. ఖాళీ పళ్ళెం పంపిన ఇంటిని గురించి మెట్ల మీద మాట్లాడుకుంటారు, అదీ గొంతు తగ్గించి. గొంతు తగ్గించకుండా మాట్లాడుకుంటే భరించొచ్చు. రంజాన్ నెలలో అయితే పళ్ళేలు ఇక ఎక్కుతూనే ఉంటాయి, దిగుతూనే ఉంటాయి.

ఇంట్లో సరుకు అయిపోతే అయిపోయింది అనకూడదు, నిండుకుంది అనాలంటారు పెద్దలు. ఆ లెక్కన నేను చాలా నిండైన మనిషిని. ఓపిక ఎప్పుడో నిండుకుంది.

సరిగ్గా అప్పుడే మా అన్నయ్య ఫోన్ చేశాడు. రంజాన్ ఇంకా మొదలవలేదు.

ఈ ఫ్లాటు మా అమ్మది. అమ్మ పోయాక మా మతం పద్ధతి ప్రకారం అన్నయ్య రిఫాత్‌కి రెండు వాటాలు, నాకొకటి. అన్నయ్య ఉండేది తంటా అనే ఊళ్ళో. ఆ ఊరి పేరు నేను పెట్టింది కాదు. మనిషి చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే పోట్లాడి గెలిచేదాన్ని. మంచివాడితోనే తంటా.

"చెల్లాయ్, ఫ్లాటుకి మంచి బేరం వచ్చింది. ఇచ్చేద్దాం. నువ్వూ పిల్లలూ మా ఇంటికి వచ్చెయ్యండి. డాబా మీద గది ఖాళీగానే ఉంది" అన్నాడు.

"నాకిక్కడ పనుంది అన్నయ్యా."

"తలలు మా ఊళ్ళో కూడా ఉన్నాయమ్మా, దువ్వుకో."

"పిల్లల బడి?"

"బళ్ళూ ఉన్నాయి. నీ గొంతు చూడు ఎలా ఉందో, నూతిలోంచి వచ్చినట్టు. అమ్మ గొంతు ఎప్పుడైనా ఇలా ఉండేదా?"

"అమ్మకి నాన్న ఉన్నాడు."

"నేను చెప్పేదీ అదేగా!"

నోరు జారానని అప్పుడు తెలిసింది. నోటితో బతికేదాన్ని, నోటితోనే చిక్కుకున్నాను.

"అన్నయ్యా, అమ్మ ఇల్లు అమ్మకు" అన్నాను.

"జోకులాపు. రంజాన్ చివరి శుక్రవారం నీ ఇంట్లోనే ఉపవాసం విడుస్తాను. అమ్మ ఉన్నప్పటిలా ఇల్లు నడుస్తోందంటే బేరగాణ్ణి పొమ్మంటాను, మళ్ళీ నోరెత్తను. లేదంటే పండగ కాగానే లారీ వస్తుంది. నీ మంచికే చెప్తున్నా."

నా మంచి కోరేవాళ్ళు అలా ఫోన్ పెట్టేసినప్పుడల్లా నేను కాసేపు గోడకి ఆనుకుని నిలబడతాను. ఇల్లు పోతే ఏమవుతుందో నాకు తెలుసు. వదిన వంటింట్లో, వదిన గిన్నెల్లో, వదిన అడిగినప్పుడు నవ్వుతూ, అడగనప్పుడు మూల కూర్చుని బతకాలి. నా పిల్లలు వాళ్ళ పిల్లల పాత గౌన్లు తొడుక్కుని థాంక్స్ చెప్పడం నేర్చుకోవాలి.

రంజాన్ సగానికొచ్చేసరికి మా ఫ్రిజ్ మీద పళ్ళేలు గోపురంలా లేచాయి. రెండో అంతస్తు హాగ్గా తహియ్యాది ఎర్ర గులాబీ ఉన్న పింగాణీ పళ్ళెం. ఆవిడ అమ్మకి ప్రాణస్నేహితురాలు. మక్కా వెళ్ళొచ్చినప్పటినుంచి అందరూ హాగ్గా అనే పిలుస్తారు, మేడకంతటికీ పెద్దదిక్కు. మూడో అంతస్తు మదామ్ మార్సెల్‌ది నీలం అంచు పళ్ళెం. ఆమె క్రైస్తవురాలు. ఆమె ఉపవాసాలు మావాటి కంటే పొడుగు, అయినా రంజాన్‌లో పళ్ళేలు పంపడంలో మమ్మల్నే ఓడిస్తుంది. మా ఎదురు ఫ్లాటు ఉమ్ కరీంది పచ్చ ప్లాస్టిక్ పళ్ళెం. గుమాస్తా పని నుంచి ఇంటికొచ్చాక తలుపుకున్న కంతే ఆమెకి టీవీ. నేను వచ్చే వేళ, పోయే వేళ ఆమెకి సీరియల్ వేళలు.

సాయంత్రం సెలూన్ నుంచి వచ్చి, చెప్పులు చేత్తో పట్టుకుని, దొంగలా మెట్లెక్కేదాన్ని. ఏ తలుపు తెరుచుకున్నా ఒక పళ్ళెం, ఒక చిరునవ్వు, ఒక "పాపం" ఎదురయ్యేవి.

ఒకరోజు అలా ఎక్కి వచ్చి ఫ్రిజ్ తెరిస్తే లోపల మూడిళ్ళ తిండి ఉంది, పైన మూడిళ్ళ పళ్ళేలున్నాయి. మధ్యలో నేనున్నాను, కాళ్ళు వాచి. అప్పుడు తట్టింది. హాగ్గా పంపిన ఆకుల చుట్టలు తీసి మదామ్ మార్సెల్ పళ్ళెంలో సర్దాను, పైన రెండు నిమ్మచెక్కలు. మార్సెల్ పంపిన బస్బూసా, అదే రవ్వతో చేసే తీపి ముక్కలు, ఉమ్ కరీం పళ్ళెంలోకి మార్చాను, మీద కాస్త కొబ్బరి కోరు. ఉమ్ కరీం పంపిన మాకరోనీ హాగ్గా పళ్ళెంలోకి. ఎవరి వంట వాళ్ళకే పోకుండా చూసుకోవడమే అందులో వంట.

"అమ్మా, ఇది మోసం కాదూ?" అంది బసంత్.

"మోసమేమిటే, మోత. అక్కడిది ఇక్కడ, ఇక్కడిది అక్కడ. వెళ్ళి ఇచ్చిరా."

మర్నాడు ఉమ్ కరీం మెట్ల మీద నన్ను పట్టేసుకుంది. "వదినా, ఆ బస్బూసాలో ఏం కలుపుతావో చెప్పి తీరాలి. ఎవరితో అననంటే ఒక మాట, మార్సెల్ చేసేది దీని కాలిగోటికి చాలదు. చెయ్యి తిరిగినదానివి!"

చెయ్యి కాదు, తిరిగింది పళ్ళెం అనుకున్నాను. పైకి "ఓపిక కలుపుతాను" అన్నాను. నా దగ్గర లేనిదే ఒకరికి చెప్పడం సులువు. దానితో వచ్చిన చిక్కేమిటంటే, మెచ్చుకున్నవాళ్ళు ఇంకా పంపుతారు. పళ్ళేలు రెట్టింపయ్యాయి. గోపురం తరగనే లేదు.

చివరి శుక్రవారం వచ్చింది. అన్నయ్య పుట్టి పెరిగింది ఈ మేడలోనే. ఏ పళ్ళెం ఎవరిదో నా కంటే వాడికే బాగా తెలుసు. ఫ్రిజ్ మీద ఆ గోపురాన్ని చూశాడంటే ఇంకే పరీక్షా అక్కర్లేదు, పక్కవాళ్ళ దయ మీద బతుకుతోందని అక్కడే తేల్చేస్తాడు. అందుకని తెల్లవారుజామున భోజనం కాగానే నిద్రకి పోకుండా ద్రాక్షాకులు ముందేసుకుని కూర్చున్నాను. చిన్న గిన్నెడు హాగ్గా పళ్ళెం తీర్చడానికి. ఆవిడకి మటుకు పక్కింటి కూడు పంపడానికి మనసొప్పలేదు, అమ్మ స్నేహితురాలు కదా. పెద్ద గిన్నెడు అన్నయ్యకి. అడుగున మాంసం, దాని మీద ఆకులు, వాటి మీద బరువుకి ఒక పళ్ళెం బోర్లించి. అదీ అమ్మ పద్ధతే.

అమ్మకి ఇంకో పద్ధతి కూడా ఉండేది. చుట్టల్లో ఏదో ఒకదాని లోపల ఒక బాదంపప్పు దాచేది. అది ఎవరి పంటికి తగిలితే వాళ్ళు ఆ పూట గిన్నెలు తోమక్కర్లేదు. తమాషా ఏమిటంటే అది ఎప్పుడూ అన్నయ్య పంటికే తగిలేది. తోమింది ఎప్పుడూ నేనే. ఆ రోజు ఇంట్లో ఒక్కటే బాదంపప్పు ఉంది. అన్నయ్య గిన్నెలో పెడదామనుకున్నాను. ఏ గిన్నెలో పెట్టానో మాత్రం నిద్రపోతున్న నా చేతులకే తెలియాలి.

"బసంత్, పెద్ద గిన్నె సాయంత్రం అసర్ నమాజు వేళకి సన్నసెగ మీద పెట్టు. నీళ్ళింకిపోకుండా చూస్తుండు. చిన్నగిన్నెలో ఉడికినవి గులాబీ పళ్ళెంలో పెట్టి హాగ్గాకి ఇచ్చిరా. పళ్ళెం నిండుగా కనబడాలి" అని చెప్పి పనికి పోయాను.

పండగ ముందు సెలూన్లో తలలు పుట్టగొడుగుల్లా మొలుస్తాయి. రంగు వేయించుకునేవాళ్ళు, జుట్టు సాపు చేయించుకునేవాళ్ళు. త్వరగా వదలమని బతిమాలితే మా యజమానురాలు "ఇనాయాత్, ఈ ఒక్క తలా" అంది. తర్వాత ఆ తలకి ఒక చెల్లెలు, చెల్లెలికొక పెళ్ళీడు కూతురు. మైక్రోబస్సులో నిలబడే నిద్రపోయాను. దిగి మెట్లెక్కుతుంటే మూడో అంతస్తు దగ్గరే వాసన తగిలింది. ఎవరో గిన్నె మాడబెట్టుకున్నారు పాపం అనుకున్నాను. నాలుగో అంతస్తుకొచ్చేసరికి పాపం నాదే.

బసంత్ వంటింట్లో నిలబడి ఏడుస్తోంది. పెద్ద గిన్నె బొగ్గు గనిలా ఉంది.

"చదువుకుంటున్నానమ్మా, ఒక్క నిమిషమే..."

"ఫోన్ చూస్తోంది" అంది లుజైన్, సాక్ష్యం సిద్ధంగా.

తిట్టడానికి నోరు తెరిచాను. తిట్టాలన్నా ఓపికుండాలి. "చిన్నగిన్నెలో ఏమైనా మిగిలిందా?" అని మాత్రం అడిగాను.

"లేదు. పళ్ళెం నిండుగా కనబడాలన్నావుగా. అన్నీ పెట్టి ఇచ్చేశాను."

ఇంట్లో ఉన్నది పప్పు చారు, రొట్టెలు, ఖర్జూరాలు, ఆప్రికాట్ పానకం. మిగిలిన పళ్ళేలన్నీ మంచం కిందకి తోసేశాను. సూర్యుడు దిగుతున్నాడు. లారీ ఎక్కుతున్నట్టే అనిపించింది నాకు. ఏ కుర్చీ ముందు ఎక్కిస్తారో కూడా ఊహించుకున్నాను.

అన్నయ్య వచ్చాడు. చేతుల్లో వదిన పంపిన పెద్ద అల్యూమినియం పళ్ళెం, నిండా బస్బూసా. పిల్లల్ని ముద్దుపెట్టుకుని, గాలి పీల్చి, "ఏమిటా వాసన?" అన్నాడు.

"పక్కింట్లో ఏదో మాడబెట్టుకున్నారు అన్నయ్యా."

"ఇనాయాత్, వినబడుతోంది!" అని ఎదురు తలుపు లోంచి ఉమ్ కరీం గొంతు.

అజాన్‌కి ఇంకా కాస్త ఉందనగా బెల్లు మోగింది. మదామ్ మార్సెల్. చేతిలో నీలం అంచు పళ్ళెం, మీద మూత.

"రిఫాతూ! ఎంత పెద్దవాడివయ్యావురా. పొట్ట నీకంటే పెద్దదయింది. ఇదిగో, నువ్వొస్తున్నావని చేశాను. ఇప్పుడే పొయ్యి మీంచి దించాను, వేడివేడిగా తిను" అని ఇచ్చి దిగిపోయింది.

మూత తీస్తే ద్రాక్షాకుల చుట్టలు. పళ్ళెం ముట్టుకున్నాను, చల్లగా ఉంది. అయినా బల్ల మధ్యలో పెట్టాను. మునిగేవాడికి గడ్డిపోచ చాలు, నాకు ద్రాక్షాకు దొరికింది.

రేడియోలో ఉపవాసం విడిచే వేళ చెప్పే ఫిరంగి పేలింది. ఖర్జూరం తిన్నాం, నీళ్ళు తాగాం. అన్నయ్య చారు జోలికి పోకుండా ఒక చుట్ట నోట్లో వేసుకున్నాడు, ఇంకొకటి. మూడోది నములుతూ ఆగిపోయాడు. నోట్లో టక్కుమన్న చప్పుడు నాక్కూడా వినబడింది. రెండు వేళ్ళతో తీసి దీపం వెలుగులో పట్టుకున్నాడు.

బాదంపప్పు.

"ఇవి ఎవరు చేశారు?"

"మదామ్ మార్సెల్. నీ ఎదురుగానే కదా ఇచ్చింది."

"మార్సెల్‌కి బాదం సంగతి ఎలా తెలుసు?"

వాడు లేచి మెట్ల దగ్గరికి వెళ్ళి కిందకి వంగాడు. "మదామ్ మార్సెల్! ఈ ఆకులు నువ్వే చేశావా?"

కింద తలుపు తెరుచుకుంది. తర్వాత, "ఏం, బాగా లేవా?"

"బాగున్నాయి. నువ్వు చేశావా?"

"చేసినట్టే నాయనా. నా మోకాళ్ళ సంగతి నీకు తెలీదు. ఉమ్ కరీం పంపింది. వచ్చినవి వచ్చినట్టే నా పళ్ళెంలో సర్ది..."

ఎదురు తలుపు అప్పటికే తెరిచి ఉంది. "నన్నంటారేమిటి?" అంది ఉమ్ కరీం. "నేను మాత్రం వారమంతా గుమాస్తా పనిలో ఒళ్ళు హూనం చేసుకుని, సెలవు రోజున ఆకులు చుట్టాలా? హాగ్గా ఇచ్చింది. పుణ్యాత్మురాలి చేతి వంట కదా, నలుగురికీ పంచుదామనుకున్నా."

"ఒసేయ్, నా పేరు లాగకు!" రెండో అంతస్తు నుంచి హాగ్గా తహియ్యా అరిచింది. కళ్ళు సరిగ్గా కనబడకపోయినా చెవులు పనిచేస్తాయి ఆవిడకి. "నా వేళ్ళు వంగి ఎన్నేళ్ళయిందో తెలుసా? గులాబీ పళ్ళెం నిండుగా వచ్చింది. ఇంట్లో ఉమ్ కరీం పళ్ళెం ఉంది, ఖాళీగా ఎలా పంపను? సర్దాను. ఈ నెలంతా అంతే కదే, అందరం!"

"అందరమా?" అన్నాన్నేను.

"మరి? నువ్వొక్కదానివే తెలివైనదానివి అనుకున్నావా?"

పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పినట్టు, నా ఆకులు మేడంతా తిరిగి నా ఇంటికే చేరాయి.

"మార్సెల్, ఇంతకీ ఆ బస్బూసా?" అంది ఉమ్ కరీం, అనుమానంగా.

"వీధి చివర మిఠాయి కొట్టుది" అంది మార్సెల్ నీరసంగా.

తలుపు తెరిచే ఉంచి, మేం లోపలికొచ్చి కూర్చున్నాం. చారు చల్లారిపోయింది. అన్నయ్య ఆ బాదంపప్పుని బల్ల మీద వేలితో అటూ ఇటూ దొర్లిస్తున్నాడు.

"అయితే ఇవి నువ్వు చేసినవే."

"చేసినవే. ఈ నెలలో నా చేత్తో వండింది ఇదొక్కటే. రెండో గిన్నె మాడిపోయింది. మిగతా రోజులు హాగ్గా కూర మార్సెల్‌కి, మార్సెల్ తీపి ఉమ్ కరీంకి. పళ్ళేలు మంచం కింద ఉన్నాయి, చూడాలంటే చూడు. అమ్మ ఉన్నప్పటిలా ఇల్లు లేదన్నయ్యా. నాతో అవదు."

నేనే ఆ మాట అన్నాననుకుంటే విడ్డూరంగా ఉంది. కానీ కాళ్ళు చెప్పుల్లోంచి బయటికి వచ్చాక అబద్ధాలు కూడా అంత సులువుగా రావు.

"మరి రావచ్చు కదే మా ఇంటికి. అక్కడ మీ వదిన వండి పెడుతుంది" అన్నాడు మెల్లగా.

"పెడుతుంది. వదిన పళ్ళెం ఇచ్చిన ప్రతిసారీ నేను దాన్ని నింపి ఇవ్వాలి. కూరతో కాకపోతే చాకిరీతో, చాకిరీతో కాకపోతే వినయంతో. అక్కడ ఒక్క పూట ఖాళీ పళ్ళెం ఇవ్వగలనా?"

"ఇక్కడ మాత్రం ఇవ్వగలవా?"

వదిన పళ్ళెం బల్ల మధ్యకి జరిపాను. బస్బూసా తిన్నాం. పిల్లలు వేళ్ళు నాక్కున్నారు. కైరో స్టేషన్లో బండి అందుకోవాలని అన్నయ్య లేచాడు. బాదంపప్పు నోట్లో వేసుకున్నాడు. చిన్నప్పుడూ అంతే, చూపించి మరీ తినేవాడు.

"వదిన పళ్ళెం" అన్నాడు, గుమ్మం దగ్గర నిలబడి.

అలవాటుగా వంటింట్లోకి వెళ్ళాను. పళ్ళెంలో పంచదార పాకం అంటుకుని ఉంది. షెల్ఫులు చూశాను. నిమ్మకాయలు నాలుగున్నాయి. చెయ్యి చాచాను. చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఎందుకో గానీ, ఆ నిమ్మకాయలు రేపు నాకే కావాలనిపించింది.

పళ్ళెం తెచ్చి వాడి చేతిలో పెట్టాను. నింపలేదు. కడగను కూడా లేదు.

"ఖాళీగా?" అన్నాడు.

"ఖాళీగానే అన్నయ్యా. ఏమీ లేదని కాదు. ఇవ్వలేను, అంతే."

వాడు పళ్ళెం వంకా నా వంకా చూశాడు. వదినతో ఏం చెప్పాలా అని ఆలోచిస్తున్నాడనుకుంటాను. తర్వాత దాన్ని చంకలో పెట్టుకుని మెట్లు దిగాడు. ఖాళీ అల్యూమినియం ఎలా మోగుతుందో తెలుసుగా. ప్రతి మలుపులోనూ కటకటాలకి తగిలి గంటలా మోగింది. మేడంతా విన్నది. గొంతు తగ్గించుకుని మాట్లాడుకోవడానికి కూడా ఎవరికీ వీలు లేకుండా విన్నది.

రెండో అంతస్తులో తలుపు తెరుచుకున్న చప్పుడు. "ఏమిరా రిఫాతూ, ఖాళీ పళ్ళెం మోసుకెళ్తున్నావు?" అంది హాగ్గా.

"బరువు లేదు హాగ్గా" అన్నాడు అన్నయ్య. కాస్త ఆగి, మాకు వినబడేలా గట్టిగా అన్నాడు. "బేరగాడికి రేపు ఫోన్ చేసి చెప్తాలే, వద్దని. వచ్చే రంజాన్‌కి మళ్ళీ వస్తా. ఈసారి ఆ చారేదో వేడిగా పొయ్యమను!"

"పళ్ళేలు మంచం కింద ఉన్నాయటే, ఇనాయాత్?" అని హాగ్గా పైకి అరిచింది. "నా గులాబీవి ఇంకేమైనా ఉంటే అలాగే పంపెయ్! ఊరికే పంపెయ్!"

లోపలికొచ్చి తలుపేసుకున్నాను. బసంత్ బల్ల దగ్గర నిలబడి, సింకులోని గిన్నెల్ని, మాడిన పెద్ద గిన్నెని చూస్తోంది.

"అమ్మా, బాదం మామయ్యకి దొరికింది. మామయ్య వెళ్ళిపోయాడు. మరి ఇవి ఎవరు తోమాలి?"

నేను కుర్చీలో కూలబడి కాళ్ళు ఎదురు కుర్చీ మీద పెట్టాను. మడమలు ఎవరివో అన్నట్టున్నాయి.

"ఎవరూ తోమరు" అన్నాను. "నీళ్ళు పోసి వదిలెయ్. నానుతాయి."